బస్సుల ఎవ్వరుండరు

మర్రిగూడ మండలంలో రోడ్డు ఆఖరయ్యే చోట ఒక పల్లె. బస్సు షెల్టర్ కింద బాలనర్సమ్మ మూట పక్కన పెట్టుకుని కూచుంది; కారు దిగి వచ్చిన ఇస్త్రీ చొక్కా మనిషి ఎదుటి అరుగు మీద కూలబడ్డాడు. ఆయన అడగడం, ఆమె దాటవేయడం అప్పటికే ఒక విడత అయిపోయింది.

"మళ్ల అదే అడుగుతున్న అనుకోకు అవ్వా. బస్సు కోసమే గద కూసున్నవు?"

"బస్సా? నాకు బస్సెందుకు సారు. నీడకు కూసున్న."

"ఇంటి కాడ నీడ లేదా?"

"ఉంటది. ఇంటి కాడ కోడలు సుత ఉంటది."

"గా మూటేంది?"

"ఏ మూట?"

"నీ పక్కకున్న మూట."

"గదా. పెసర్లు. ఎండబోద్దామని తెచ్చిన."

"షెల్టర్ కింద నీడల ఎండబోస్తవా?"

"నీడల ఎండితె రంగు పోదు సారు. మీ పట్నపోళ్లకు ఎరుకుండదు."

"నాది పట్నం కాదు అవ్వా. కోస్గి దిక్కు మాది. మేం సుత పెసర్లు పండిస్తం. ఎండల్నే ఎండబోస్తం."

"మీ దిక్కు రివాజు వేరుంటది."

"సరే. నా పేరు కమలాకర్. ఏం పని మీద వచ్చిన్నో ఇంకోసారి చెప్త, నిమ్మలంగ విను. రాష్ట్రమంతటికి కలిపి కొత్తగ ఒక్కటే సంస్థ పెడుతున్నరు. ఇప్పుడున్న బస్సులు, పట్నంల రైళ్లు, చిన్న బండ్లు, అన్ని దాని కిందికే పోతయి. ఏ ఊరికి బస్సు ఉంచాలె, ఏ ఊరిది తియ్యాలె అని మళ్ల మొదటికెళ్లి ఖరారు చేస్తున్నరు. మీ ఊరి బస్సు తీసేసేటివాట్ల పడ్డది."

"ఎందుకు పడ్డది?"

"టికెట్ మిషిన్ల చూస్తె మీ ఊరి కాడ ఎక్కేటోళ్లు లేరు. బస్సు ఖాళీగ వస్తది, ఖాళీగ పోతది అని ఉన్నది."

"మరి గట్లనే ఉంటది."

"ఎట్ల?"

"ఖాళీగ. మిషిన్ అబద్ధమాడుతదా సారు. ఆడితె మనుషులాడాలె గని."

"గందుకే మనుషులనే అడుగుదామని వచ్చిన. మిషిన్ ఏమన్న అననీ, మీ బస్సు నిండుగ పోతదని నాకు ఒకరు చెప్పిన్రు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరికి పేరుండదా?"

"ఉంటది. చెప్పనని మాటిచ్చిన."

"పేరు దాసుకొని చెప్పేది మంచి మాటైతదా సారు. దాసుకునుడంటేనే అండ్ల ఏదో ఉన్నట్టు."

"మంచి మనిషే అవ్వా. మీ ఊరి మంచి కోరేటోడే."

"మా ఊరి మంచి కోరేటోళ్లు మస్తుమంది వచ్చిపోయిన్రు. మా నీళ్లల్ల ఇసముందని, పండ్లు పచ్చవడ్డయని, ఎముకలు వంగినయని పెద్దపెద్ద సార్లు వచ్చిన్రు. నోరు తెరువమన్నరు, తెరిసినం. ఫోటోలు తీసుకున్నరు. కాళ్లు జాపమన్నరు, జాపినం. టేపు పెట్టి కొలుసుకపోయిన్రు. అండ్ల ఒక్కడన్న మళ్లొచ్చి, అవ్వా, నీ మోకాళ్లు ఎట్లున్నయే అని అడిగిండా? ఇప్పుడు పైపుల మంచినీళ్లొస్తున్నయి, కాదన. నీళ్లు మంచివైతె వంగిన కాళ్లు ఎన్కకు వస్తయా? నువ్వు సుత ఇయ్యాల నోరు తెరువుమనే వచ్చినవు."

"నీ మోకాళ్లు సుత వంగినయా?"

"కనవడ్తలేదా?"

"మరి దవాఖానకు ఎట్ల పోతవు?"

"పోను."

"నల్లగొండల మోకాళ్లకు కరెంటు పెడుతరట గద. ఈ దిక్కోళ్లు మస్తుమంది పోతరట."

"పోతరేమో. వంగినోళ్లందరు పోతరా?"

"మోకాలుకు గా పట్టీ ఎక్కడిది? దవాఖానల ఇచ్చేదే గద గది."

"మా అల్లుడు తెచ్చిండు."

"అల్లుడు ఏడుంటడు?"

"నల్లగొండల."

"ఎట్లొస్తడు ఇక్కడికి?"

"మోటరుసైకిల్ మీద."

"మోటరుసైకిల్ ఉన్నదా ఆయనకు?"

"లేకుంటె ఎవరిదన్న అడుక్కొని వస్తడు. సారు, నువ్వు బస్సు సారువా, పోలీసు సారువా?"

"కోపం జేయకు. ఇగ సూటిగనే అడుగుత. ఆడోళ్లకు బస్సుల పైసల్లేవు. ఆధార్ చూపెడితె మిషిన్లకెళ్లి జీరో టికెట్ వస్తది. గా టికెట్ కొడితెనే మనిషి ఎక్కినట్టు. మీ ఊరి ఆడోళ్లు ఎక్కుతున్నరు, టికెట్ తీసుకుంటలేరు. అవునా, కాదా?"

"నాకేమెరుక."

"ఆధార్ చూపెట్ట భయమా?"

"భయమెందుకు సారు. మా బిక్షమ్మ భయపడిందా? సిమ్ము అమ్మెటోడు ఇంటి ముంగటికొచ్చి ఆధార్ అడిగిండు, ఏలు పెట్టుమన్నడు. పెట్టింది. తెల్లారి చూస్తె పించిని బందు. ఆఫీసుల పొంటి తిరిగి తిరిగి చెప్పులరిగినయి. అప్పటికెళ్లి మా ఊర్ల ఆధార్లన్ని బియ్యం డబ్బల అడుగుకు ఉంటయి. ఊకె వచ్చే టికెట్ తీసుకున్నోళ్లకు ఉన్న పించిన్లు కట్ చేస్తరని సుత అంటున్నరు."

"ఎవరంటున్నరు?"

"ఎవరో ఒకరు. నేను సుత పేరు చెప్పనని మాటిచ్చిన."

"అంటే బియ్యం డబ్బలకెళ్లి తియ్యరు, బస్సుల చూపెట్టరు."

"బస్సెక్కితె గద చూపెట్టేది."

"మంచిగ తప్పించుకుంటవు అవ్వా. మరి కండక్టర్ ఏమనడా?"

"ఏ కండక్టర్?"

"ఇస్రాయేలు."

"ఎవరు?"

"మీ బస్సు కండక్టర్. ఏండ్ల సంది ఇదే రూటు మీద ఉన్నడు."

"నాకెరుక లేదు. గా పేరే ఇనలె."

"ఆయన మీద కేసు రాసెతందుకు రాలె నేను."

"నేనేమన్న అన్ననా? కేసు మాట నువ్వే తీస్తివి. కడుపుల లేంది నోట్లెకు రాదు సారు."

"అయ్యో, నీ భయం పోవాలని అన్న."

"గిట్లనే అన్నడు ఇంకో సారు. పోయిన వానకాలం. మా ఊర్ల కాదు, పక్కూర్ల. తియ్యగ మాట్లాడిండు, చాయ తాగిండు. ఒకామె ఉన్నది, ఆమె నోట్ల నువ్వుగింజ నానదు. అవ్ సారు, మేం టికెట్ లేకుంటనే ఎక్కుతం, మా కండక్టర్ విజేందర్ పాపం ఏమనడు అని చెప్పింది. మెచ్చుకున్న అనుకున్నది పిచ్చిది. తెల్లారి విజేందర్ బస్సు మీద లేడు. నౌకరికెళ్లి పక్కకు పెట్టిన్రు. పెండ్లాం పిల్లలను తీసుకొని పట్నం పోయి ఎవల్దో బంగ్ల ముందట గేటు తీస్తున్నడట. గా సారు సుత కేసు రాయనన్నడు. గిదే అరుగు మీద కూసున్నడు, నువ్వు కూసున్న జాగలనే."

"పక్కూరంటివి గద."

"అరుగులన్ని ఒక్కతీరె ఉంటయి."

"అవ్వా, ఒకసారి పాము కరిచినోడు తాడును చూసి ఉరుకుతడంటరు. నేను తాడునే."

"పాము సుత గట్లనే చెప్తది."

"సరే, నీ ముచ్చట వద్దు. ఊర్ల ఇంకెవరన్న మోకాళ్లు వంగినోళ్లు ఉన్నరా, బస్సు మీద దవాఖానకు పోయేటోళ్లు? ఉండరులే. గంత ఎత్తు మెట్టు, నీ అసొంటోళ్లు ఎట్ల ఎక్కుతరు."

"పీటేస్తడు గద."

"ఎవరు?"

"ఎవరేంది?"

"పీట ఎవరేస్తరు?"

"మా మనుమడు. ఇంటి కాడ. మంచమెక్కెతందుకు."

"మంచమెక్క పీట గావాల్నా?"

"మా మంచం ఎత్తుంటది."

"ఒక్క నిమిషం అవ్వా, ఫోనొస్తున్నది. హలో. ఆ, వచ్చిన. షెల్టర్ కాడనే ఉన్న. లేదు, ఎవ్వరు ఏం చెప్తలేరు, మస్తు భయపడుతున్నరు. ఏమన్నవు? సిగ్నల్ లేదు, ఉండు, జర అటు పోతున్న. ఆ, ఇప్పుడు చెప్పు. బస్సు రానీ. నా కండ్లతోని చూస్త, లోపలి ఫోటో తీసి పైకి పంపుత. నీ పేరు బయటికి రాదు. మాటిచ్చిన గద."

ఆయన ఫోను చెవికి పెట్టుకుని కారు అవతలికి నడిచాడు. సద్దిడబ్బా పట్టుకుని కోడలు స్వరూప అప్పుడే షెల్టర్ దగ్గరికి వచ్చింది.

"అత్తా, గీ కారెవరిది? గాయనెవరు?"

"మెల్లగ మాట్లాడు స్వరూపా. చెకింగ్ సారు."

"ఇస్రాయేలన్న కోసమా?"

"ఇంకెవరి కోసం. పేరు సుత పట్టుకొనే వచ్చిండు. ఎవడో చెవుల ఊదిండు. ఇప్పుడే ఫోన్ల అంటున్నడు, నీ పేరు బయటికి రానియ్యనని."

"ఎవడయ్యుంటడు?"

"పరశురాం. ఇంకెవడు. బస్సు మీద చాడి చెప్తె వాని ఆటో నిండుతది."

"వాని నోట్ల మన్నువడ. ఇప్పుడెట్ల అత్తా? అందరు మిల్లుల బదిలి కూలికి సద్దులు కట్టుకొని బయల్దేరిన్రు. కడుపుతోనున్న త్రివేణికి దవాఖానల నెలల పరీక్ష ఇయ్యాల్నే."

"నువ్వు ఎదురంగ పోయి ఆపు. ఒక్కరు సుత రోడ్డెక్కొద్దు. పత్తిచేన్లకు పొమ్మను అందరిని. బస్సు పోయినంక లేవుర్రి."

"బదిలి పోతది అత్తా. సేటు రేపు రానిస్తడో లేదో."

"ఒక్కనాటి బదిలి పోతె సచ్చిపోతమా? టికెట్ లేకుంట ఇంతమంది వీని కండ్లల్ల పడితె ఇస్రాయేలు నౌకరి ఇయ్యాలిటితోని ఖతం. టికెట్ కొట్టుకోర్రి, పెద్దమ్మా, కొట్టుకోర్రి, చెల్లే అని ఎన్నిసార్లు బతిమిలాడలె ఆయన? కొడితె దిగి నడుసుకుంట పోతమని మనమే మొండికేస్తిమి. ఒకనాడు దిగితిమి సుత. ఎండకు నడువలేక నేను కూలవడితె, ఆయనే బస్సు ఆపి ఎక్కిచ్చుకునె. అప్పటికెళ్లి టికెట్ మాట ఎత్తలె. ఇప్పుడు ఆయనను అప్పజెప్పుదామా?"

"నేను గట్లన్ననా. త్రివేణి ఎట్ల మరి?"

"ఆటోల పంపు."

"పరశురాం ఆటోల్నా?"

"వాని ఆటోల్నే. ఏం జేస్తం, ఇయ్యాల వాని దినం."

"నువ్వు సుత లేచి రారాదు."

"నేను లేస్తె అనుమానపడుతడు. ఇక్కడ్నే ఉండి చూసుకుంట. వస్తున్నడు, పో. మొఖం అటు పెట్టుకొని పో."

కమలాకర్ ఫోను జేబులో పెట్టుకుని తిరిగి వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"ఎవరు అవ్వా, ఇప్పుడు పోయినామె?"

"ఎవరు?"

"గదో, గా పోతున్నామె."

"గామెనా. బర్రె తప్పిపోయిందట. ఎతుక్కుంటున్నది."

"సద్దిడబ్బ పట్టుకొని బర్రెను ఎతుకుతదా?"

"ఎంతదూరం పోయిందో ఎవరికెరుక సారు. ఆకలైతది గద."

"నవ్వొస్తున్నది అవ్వా. నవ్వేటి దినం కాదు గని. ఇయ్యాల్నే ఆఖరు. పొద్దుగూకె లోపల నేను పంపేదాన్నే పట్టుకొని రేపు ఖాయం చేస్తరు. ఖాయమైనంక మళ్ల తిప్పాలంటె దేవుడు దిగిరావాలె."

"మేం అడిగినమా తిప్పుమని."

"అడగంది అమ్మన్న పెట్టదంటరు. మీతోని అడిగిద్దామనే వచ్చిన."

"చెప్పెటోనికి వినెటోడు లోకువ."

"మా ఊరికి సుత ఒక బస్సు ఉండె అవ్వా. ఎర్రగ, డొక్కుడొక్కుగ. నేను చదువుకునేటప్పుడు దాని మీదనే కోస్గికి పోయేది. ఒకనాడు గిట్లనే ఒక సారు వచ్చి ఊర్ల అడిగిండు, బస్సు ఎంతమంది ఎక్కుతరని. ఊరంత కూడబలుక్కొని, మేం బస్సెక్కం, జీపుల పోతం అని చెప్పిన్రు."

"ఎందుకు?"

"జీపు నడిపేది మా మేనమామ. మనోడు బతకాలె గదా అని."

"అండ్ల తప్పేమున్నది? మనోన్ని మనం సూసుకోవద్దా?"

"తప్పు లేదు. బస్సు బందైంది. మా మామ జీపు మీద మంచిగ సంపాయించిండు, సంపాయించి జీపు అమ్మి పట్నంల దుకాణం పెట్టిండు. ఊర్ల బస్సు లేదు, జీపు లేదు. గప్పుడే మా అమ్మకు పక్షవాతమొచ్చింది. మంచం మీద ఏసుకొని రోడ్డు దాక మోసినం. నేను ఒక కోడు పట్టుకున్న."

"బతికిందా?"

"బతికింది. మాట రాలె. నన్ను జూసి నోరు కదిలిస్తది, ఏమంటదో నాకు సమజ్ కాదు."

"అయ్యో బిడ్డా."

"ఊరోళ్లు ఇప్పటికి గా సారునే తిడుతరు. నేను తిట్టలె. మేం చెప్పిందే రాసుకపోయిండాయన. ఈ సంస్థ పనిల నన్ను ఏసినప్పుడు, ఖాళీ అని పడ్డ ఊర్లకు నేనే పోత అని అడిగి తీసుకున్న. మిషిన్ మాటకాడ ఆగొద్దని."

"సారు."

"చెప్పు అవ్వా."

"నీళ్లు తాగుతవా? దూపయితున్నదేమో."

"తాగుత. ఇంకేదో చెప్పబోయినవు."

"చెప్త. ముందుగాల నువ్వొకటి చెప్పు. ఫోన్ల ఎవరు?"

"అదొక్కటి అడగకు."

"గా పేరు చెప్పు. నేను సుత నా కాడున్న మాట చెప్త. అమ్మ తోడు, మొత్తం చెప్త."

"మాటిచ్చిన అవ్వా. పేరు బయటపడితె దెబ్బ గాయనకే తాకుతది."

"మా ఊర్లోడేనా?"

"ఊర్లోడు కాదు. మీ ఊరికి రోజు వచ్చిపోయేటోడు."

"బండి మీద?"

"బండి మీదనే. ఇగ అడగకు."

"అవసరం లేదు. తెలిసిపోయింది. నువ్వు మంచోనివే అయ్యుంటవు సారు. మీ అమ్మ ముచ్చట అబద్ధమని నేననను. గని నిన్ను తోలినోడు మంచోడు కాదు. వాని మాట మీద వచ్చినోనికి నా కాడ ఏం లేదు."

"అవ్వా, గా మనిషి నువ్వనుకున్నోడు కాదు."

"నేనెవరిని అనుకున్ననో నీకెట్లెరుక?"

"సరే. అగో, హారన్ ఇనవడ్తున్నది. బస్సొస్తున్నది. ఇప్పుడన్న ఎక్కేటోళ్లు ఉంటె పిలువు. నలుగురు నిలవడితె చాలు, ఫోటో తీసి పంపుత, బస్సు నిలవడుతది. టికెట్ల సంగతి ఒక్క మాట సుత రాయ."

"ఉంటె గద పిలిచేది."

"ఒక్కసారి ఆలోచించు."

"మా ఊరి బస్సుల ఎవ్వరుండరు సారు. నీ కండ్లతోనే చూడు."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోగానే కండక్టర్ ఒక చెక్కపీట తెచ్చి మెట్టు కింద, రోజూ వేసే చోటనే వేశాడు.

"పెద్దమ్మా, ఎక్కు. ఏరి అందరు? స్వరూపెక్కడ? త్రివేణిది దవాఖాన గద ఇయ్యాల?"

"ఎవరయ్యా నువ్వు?"

"నేనే పెద్దమ్మా. ఇస్రాయేలును."

"ఏ ఇస్రాయేలు? నాకెరుక లేదు."

"గదేంది? పీటేసిన, చెయ్యియ్యి. ఎక్కుదువు."

"పీటేంది, చెయ్యేంది. నేనెన్నడన్న బస్సెక్కిన్నా? నీ మొఖం సుత చూడలె నేను."

"పెద్దమ్మా, ఏమైంది నీకు? సారు, జర ఆగుర్రి. వస్తరు. రోజు వస్తరు, లోపల నిలవడ జాగ ఉండదు. ఇయ్యాల ఎందుకో ఆలస్యమైంది. డ్రైవరన్నా, ఇంకోసారి హారన్ కొట్టు, గట్టిగ కొట్టు."

"కొట్టకు. ఎవ్వరు రారు. సారు, గీయన మాటలు పట్టుకోకు, ఎండ దెబ్బ తాకినట్టున్నది. ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నడు."

"ప్రభువు తోడు సారు, నేను అబద్ధమాడుతలేను. పెద్దమ్మా, ఒక్క మాట చెప్పు. ఒక్కటే. రోజు ఎక్కుతున్న అని చెప్పు, చాలు."

"ఎక్కను. ఎన్నడెక్కలె. ఎక్కబోను."

"నీ కాళ్ల మీద..."

"నా కాళ్ల సంగతి నీకెందుకయ్యా. ఖాళీ బండి ఎంతసేపు నిలవెడుతవు. పో నాయినా, పో."

"సారు, చెప్పుర్రి మీరన్న."

"నేనేం చెప్పాలె ఇస్రాయేలూ. నేను చూసిందే పంపాలె. డ్రైవర్ ఉన్నడు, నువ్వు ఎక్కువ మాట్లాడకు. లోపలికొచ్చి ఫోటో తీసుకుంట, జరుగు."

"పెద్దమ్మా."

"ఏంది?"

"పీట తియ్యనా?"

"తియ్యి. ఎవరి కోసం ఏసినవో, ఏమో."

కమలాకర్ ఫోటో తీసి దిగాక బస్సు కదిలింది; మలుపు తిరిగేదాకా బాలనర్సమ్మ దానివైపు చూడలేదు. తిరిగాక దుమ్మునే చూస్తూ కూచుంది.

"ఏడుస్తున్నవా అవ్వా?"

"దుమ్ము వడ్డది. చూస్తివి గద సారు, నేను చెప్పిందే నిజమాయె."

"చూసిన."

"ఫోటో తీసినవా?"

"తీసిన. పంపిన. ఖాళీ సీట్లు సాఫ్ సీదా వచ్చినయి. ఒక్కసారి పంపినంక మార్చుడు నా చేతుల సుత ఉండదు."

"మరి ఎవరి మీద ఏం రాసినవు?"

"ఎవరి మీద ఏం లేదు. ఎక్కేటోళ్లే లేనప్పుడు టికెట్ కొట్టలేదని ఎవరిని అంటరు."

"ఇస్రాయేలు నౌకరికి ఢోకా లేదు గద?"

"పేరు సుత ఇనలేదంటివి."

"నువ్వే అంటివి గద ఇందాక. లేదు గద ఢోకా?"

"లేదు. ఇంకో రూటు ఇస్తరు. మీ ఊరికి మాత్రం ఇగ బస్సు రాదు."

"రాకపోతె రాకపాయె. మా కాలంల బస్సులున్నయా. నడుస్తం."

"గీ కాళ్లతోనా?"

"నడువలేకపోతె కూసుంట. ముగ్గురు ఆడపిల్లలు సారు ఆయనకు. వాళ్లు బడికి పోతరు, గది చాలు నాకు. ఫోటో పాయె, బస్సు పాయె, ఇగ దాసుడెందుకు, చెప్త విను. రోజు నిండుతది గా బస్సు. వంగి నిలవడి పోతం. టికెట్ వద్దన్నది మేమే, ఆయన కాదు. గా పీట చూసినవు గద, ఎవరు చెప్పకుంటనే ఆయనే చేపిచ్చిండు, మా అసొంటి వంగిన కాళ్లోళ్ల కోసం. గా పత్తిచేన్ల చూడు, తలకాయలు లేస్తున్నయి. అందరు బదిలి పోగొట్టుకొని ఆడ కూసున్నరు, ఆయన కోసమే. ఇప్పుడన్న చెప్పు సారు. గసొంటోని మీద చాడి చెప్పి నిన్ను తోలింది పరశురామే గద?"

"పరశురాం ఎవరో నాకు తెల్వదు అవ్వా."

"మరి ఫోన్ల ఎవరు?"

"ఇగ నా మాట నిలవెట్టి సుత ఎవరికి లాభం. 'నా నౌకరి పోతె పోనియ్యుర్రి సారు, ఒక్కసారి వచ్చి నిండు బస్సు మీ కండ్లతోని చూడుర్రి, బస్సు బందైతె మా పెద్దమ్మ నడువలేదు' అని నన్ను పిలిచింది ఇస్రాయేలే."